పిలిచినా పలకొద్దు

మెస్తియా దాటి ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లు.
చక్రాలకి గొలుసులు కట్టుకుని వచ్చాను
ఒక ముసలి కంప్యూటర్‌ని చూడ్డానికి.
ఆస్పత్రి అంటే రెండు గదులు, ఒక కట్టెల పొయ్యి,
టీకాల ఫ్రిజ్, నర్సు దారీకో.
"ఆన్ చేసి, పాలు కాచుకుని, తాగి వస్తాను.
అప్పటికీ లేవదు" అందామె.

నిజమే. ఏడు నిమిషాలు.
ఫ్యాను ఉబ్బసం మనిషిలా లాగుతోంది.
లోపలికెళ్ళి చూస్తే
నూట పన్నెండు మంది,
పిలవని పేరంటానికొచ్చి
చాపలు పరుచుకు కూర్చున్నారు.

ఒకడు ప్రింటర్ కోసం ఎదురు చూస్తున్నాడు.
ప్రింటర్ పోయి ఐదేళ్ళు,
దాని నెత్తిన ఇప్పుడు జెరేనియం కుండీ.
ఇంకొకడు చీకట్లో చేతులు చాపి
బ్లూటూత్ చెవుల కోసం తడుముతున్నాడు.
ఒకడు పక్కింటి కంప్యూటర్లకి
అదేపనిగా తన పేరు చెప్పుకుంటున్నాడు.
పక్కింట్లో ఆవులున్నాయి.

స్టాప్ అన్నాను.
ఒక్కొక్కడూ లేచి వెళ్ళాడు. ఫ్యాను సద్దుమణిగింది.
దారీకో కుబ్దారి ముక్క కోసి పెట్టింది.
సగం తినేలోపు కరెంటు పోయింది.
వచ్చింది.
అందరూ వచ్చారు,
ఎవరి చాప మీద వాళ్ళు.

"ఇక్కడ రోజుకి మూడుసార్లు పోతుంది" అందామె,
నేను మొట్టమొదట అడగాల్సిన ప్రశ్నకి
జవాబుగా.

సరే, డిజేబుల్.
పొద్దుటి పిలుపుల జాబితాలోంచి పేర్లు కొట్టేశాను.
చాలామంది రాలేదు.
ప్రింటర్ వాడు మాత్రం వచ్చాడు.
వాడికో తమ్ముడున్నాడు, సాకెట్ అని,
గుమ్మంలోనే కాపలా,
ఎవరు తలుపు తట్టినా అన్నని లేపుతాడు.

ఇక మిగిలింది మాస్క్.
పేరుకి ముసుగే గానీ, ఇది తిలోదకాలు.
వాడి పేరుకొక దారం కట్టి
రెండో కొస శూన్యంలోకి వదిలేయడం.
ఆ తర్వాత ఎవరు కేకేసినా
కేక దారం వెంట పోతుంది, ఎక్కడా తేలదు.
అన్నకి కట్టాను. తమ్ముడికి కట్టాను.
చెయ్యి తిరిగింది కదా,
మోడెం వాడికీ కట్టాను,
ఎప్పుడో వచ్చే పిలుపు కోసం
గోడకి ఆనుకుని నిలబడ్డవాడు.
కేబుల్ ఉండగా వాడితో ఏం పని?

ఎవరినీ అడగలేదు.
దారీకో అప్పుడు పొయ్యిలో కట్టె సర్దుతోంది.

లేచేసరికి నలభై సెకన్లు.
ఆమె గడియారం చూసి
"మరి నా పాలు?" అంది.

మార్చి మొదటి వారం, రాత్రి పదకొండు. ఫోను.
మంచు జారి కేబుల్ తెగింది.
ప్రతి చలికాలం చేసినట్టే
సొరుగులోంచి సిమ్ మోడెం తీసి గుచ్చింది.
దాని దీపం వెలిగింది. లోపల ఎవరూ పలకలేదు.
బల్ల మీద ముసలి అబెసాలోమ్,
ఛాతీ మీద వైర్లు.
ఆ గుండె గీసిన గీతలు కొండ దిగి డాక్టరుకి చేరాలి.
దారీకోది బటన్ల ఫోను.

జుగ్దిదీలో, రగ్గు కింద, నాకు చెమట పట్టింది.
నేను చెబుతుంటే ఆమె కొట్టింది, తనకి రాని లిపిలో.
అన్‌మాస్క్. ఆరక్షరాలకి నాలుగు నిమిషాలు.
తర్వాత వాడి పేరు.
"మొదట ఎమ్, పెద్దది."
"ఎలా ఉంటుంది?"
"రెండు శిఖరాలు పక్కపక్కన."
"ఉష్బా కొండలా?"
"ఉష్బా కొండలాగే. మధ్యలో ఇంకోసారి వస్తుంది."
"అలా చెప్పవేం మరి."

నేను శాశ్వతం అనుకున్నది ఒక ముడి.
లాగితే ఊడింది.
స్టార్ట్ అన్నాక కాసేపు ఏమీ లేదు,
ఆమె ఊపిరి, కట్టెలు పేలుతున్న చప్పుడు, అంతే.
"వెళ్తోంది" అంది. ఫోను పెట్టేసింది.

దారి తెరిచాక మళ్ళీ వెళ్ళాను.
అబెసాలోమ్ గుమ్మం ముందు మంచు తోడుతున్నాడు,
తోడొద్దన్నారని తిడుతూ తోడుతున్నాడు.
దారీకో పక్కన కుర్చీ వేసుకుని
ఒక్కొక్క పేరూ పైకి చదివాను.
వీడు కావాలా? వీడెప్పుడైనా పనికొచ్చాడా?
నలభై మందిని దాటాం.
గిన్నెలో పాల మీద మీగడ కట్టింది.